చక్రానికి నంబరెందుకు లేదు?

కారుకు ఉన్న తాళాలన్నీ లోపలి వాటి కోసమే. తలుపుకు తాళం, డిక్కీకి తాళం, దొంగ తాళంచెవితో ఇంజన్ స్టార్టు కాకుండా ఇమ్మొబిలైజర్. బయట నేలను ఆనుకుని ఉన్న నాలుగు చక్రాలకు మాత్రం కాపలా అంటూ ఏదీ లేదు. చిన్న కారుకైతే ఒక్కో చక్రానికి నాలుగు నట్లు, కాస్త పెద్ద కారుకు అయిదు. వాటిని విప్పే పానా ప్రతి పంక్చర్ షాపులోనూ, ప్రతి కారు డిక్కీలోనూ దొరుకుతుంది. రాత్రి ఇంటి ముందు నిలిపిన కారు తెల్లారేసరికి ఇటుకల మీద కనిపించడం ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌ల నుంచి ఏళ్లుగా వింటున్న వార్తే. అమెరికాలో ఇది ఇంకా పెద్ద ఎత్తున జరుగుతుంది. 2018 ఫిబ్రవరిలో లూసియానా రాష్ట్రం స్లైడెల్ పట్టణంలో ఒక కార్ల డీలరు స్థలం నుంచి ఒక్క దాడిలో 31 వాహనాల చక్రాలు, మొత్తం 124 పట్టుకుపోయారు.

ఈ దొంగతనాన్ని ఆపడానికి ఇప్పటిదాకా వచ్చిన ఉపాయాలను ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. దాదాపు అన్నీ నట్టు చుట్టూనే తిరిగాయి. పోయిన చక్రం ఎవరిదో తేల్చే ఏర్పాటు గురించి ఆలోచించినవాళ్లు చాలా తక్కువ. అసలు లోటు అక్కడే ఉందని నేను నమ్ముతున్నాను.

చక్రం సులువుగా ఊడిరావడం లోపం కాదు, ఎంతో శ్రమపడి సాధించుకున్న సౌకర్యం. 1906లో ఫ్రాన్స్‌లోని లెమాన్ దగ్గర జరిగిన మొట్టమొదటి గ్రాండ్ ప్రీ పోటీలో రెనో కారు గెలవడానికి ఒక ముఖ్య కారణం మిషెలిన్ తయారుచేసిన ఊడదీసే రిమ్ము. అంతకు ముందు టైరు పాడైతే దాన్ని కోసి తీసి కొత్తది ఎక్కించేసరికి పావుగంట దాకా పట్టేది. ఆ రిమ్ముతో పని నాలుగు నిమిషాల లోపే ముగిసింది. తర్వాత చక్రాన్నే మొత్తంగా మార్చుకునే పద్ధతి స్థిరపడింది. వానలో రోడ్డు పక్కన ఆగిపోయిన కుటుంబం అరగంటలో మళ్లీ బయలుదేరగలుగుతోందంటే అది ఆ పద్ధతి చలవే. యజమానికి సులువుగా ఊడాలి, దొంగకు ఊడకూడదు. ఈ రెండింటినీ ఒకే నట్టు నుంచి ఆశిస్తున్నాం.

పాత రోజుల్లో మన దగ్గర కారు చక్రాల దొంగతనం అంతగా వినిపించకపోవడానికి కారణం దొంగల మంచితనం కాదు. ఇనప రిమ్ముకు, దాని మీది ప్లాస్టిక్ మూతకు పెద్ద ధర పలికేది కాదు. గత పది పదిహేనేళ్లలో ఆ లెక్క మారింది. చిన్న ఎస్‌యూవీలు వచ్చాక కంపెనీలే పదహారు, పదిహేడు అంగుళాల అల్లాయ్ చక్రాలు బిగించి అమ్ముతున్నాయి. అదీ అన్ని రకాలకూ కాదు. ఒకే కారులో టాప్ వేరియంట్‌కు మెరిసే అల్లాయ్ చక్రాలిస్తారు, కింది వేరియంట్లకు ఇనప రిమ్ములు. కింది రకం కొన్నవాడికి తన కారు కూడా పై రకంలా కనిపించాలని ఉంటుంది. షోరూమ్ ధర పెట్టలేడు కాబట్టి సెకండ్ హ్యాండ్ సెట్టు కోసం వెతుకుతాడు. ఇంకోపక్క టాప్ వేరియంట్ కొన్నవాళ్లలో కొందరు ఇంకా పెద్ద చక్రాలు వేయించుకుని, కంపెనీ ఇచ్చినవి కొత్తవి కొత్తగానే అమ్మేస్తారు. ఇది పూర్తిగా న్యాయమైన వ్యాపారం. అయితే దొంగ చక్రం దాక్కునేది సరిగ్గా ఈ వ్యాపారంలోనే. "కారు కొన్న వారానికే తీసేసిన సెట్టండీ" అని చెబితే కాదనడానికి కొనేవాడి దగ్గర ఆధారం ఉండదు.

కొలతలు కూడా దొంగకే కలిసొస్తాయి. నట్ల రంధ్రాలు ఎన్ని, అవి ఎంత వ్యాసం గల వలయం మీద ఉన్నాయి అన్నదాన్ని పీసీడీ అంటారు. స్విఫ్ట్, బలెనో, ఐ20 మూడింటికీ నాలుగు రంధ్రాలు, 100 మిల్లీమీటర్ల వలయం. క్రెటా, బ్రెజా, ఇన్నోవాలకు అయిదు రంధ్రాలు, 114.3 మిల్లీమీటర్లు. మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ తేడాల వల్ల ఒకదాని చక్రం ఇంకోదానికి అచ్చంగా కుదరకపోవచ్చు గానీ, ఒక కారు నుంచి విప్పింది చాలా రకాల కార్లున్న బజారులో చెల్లుబాటవుతుంది. డోరు గానీ బంపరు గానీ దొంగిలించినవాడికి ఈ వీలు లేదు.

ఇక కాపలాల సంగతి. అన్నిటికంటే పాతది, ఇప్పటికీ ఎక్కువమంది వాడేది లాక్ నట్టు. ఒక్కో చక్రానికి ఒక మామూలు నట్టు తీసి, దాని స్థానంలో ప్రత్యేకమైన గాడి ఉన్న నట్టు బిగిస్తారు. ఆ గాడిలో పట్టే కీ లేకుండా పానా పనిచేయదు. అమెరికాలో మెక్‌గార్డ్ సంస్థ 1964 నుంచి ఉంది. చాలా కార్ల కంపెనీలకు ఇలాంటి నట్లు సరఫరా చేసింది. మంచి రకం నట్టును గట్టిపరచిన ఉక్కుతో చేస్తారు. కొన్నిటికి బయటి వైపు వదులుగా తిరిగే ఉంగరం ఉంటుంది, దొంగ పట్టుకుని తిప్పబోతే ఆ ఉంగరమే తిరుగుతుంది, నట్టు కదలదు.

లాక్ నట్టు దొంగను పూర్తిగా ఆపదు. కీ పోగొట్టుకున్న యజమానుల కోసం గ్యారేజీల్లో నట్టును బలవంతంగా పట్టి తీసే సాకెట్లు ఉంటాయి. అవే దొంగకూ దొరుకుతాయి. అయినా ఈ నట్టును పనికిరానిదని కొట్టిపారేయను. దొంగకు కావలసింది నాలుగు చక్రాలు, అదీ కొద్ది నిమిషాల్లో, చప్పుడు లేకుండా. ఒక్కో చక్రం దగ్గరా సుత్తి చప్పుడు చేయాల్సి వస్తే వాడు పక్క కారు చూసుకుంటాడు. పక్క కారువాడికి ఇది న్యాయం కాదు, నిజమే. ఒక వీధిలో అందరూ వేయించుకుంటే తప్ప ఈ నట్టు దొంగతనాన్ని తగ్గించదు, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తోస్తుంది.

ఇక్కడ దొంగతనం కంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. దాని గురించి దుకాణాల్లో ఎవరూ చెప్పరు. నట్టు చక్రాన్ని ఆనుకునే చోటు కొన్ని కార్లకు శంఖువులా కోసుగా ఉంటుంది, కొన్నిటికి గోళంలా గుండ్రంగా ఉంటుంది. మారుతి కార్లకు మొదటిది, హోండాలకు రెండోది. మరలో తేడాలు వేరే. నట్టు ఎక్కే మర కడ్డీని స్టడ్డు అంటారు. మారుతి స్టడ్డు 12 మిల్లీమీటర్లు, మర దూరం 1.25. హ్యుందాయ్, టొయోటాలవి 12 మిల్లీమీటర్లే, మర దూరం 1.5. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలకు స్టడ్లూ నట్లూ ఉండవు, 14 మిల్లీమీటర్ల బోల్టులు నేరుగా హబ్బులోకి వెళతాయి. చౌకగా దొరికింది కదా అని ఆనుకునే ఆకారం కుదరని నట్టు బిగిస్తే అది బిగుసుకున్నట్టే అనిపిస్తుంది, ప్రయాణంలో వదులవుతుంది. చక్రం పోతే డబ్బు పోతుంది, నడుస్తుండగా చక్రం ఊడితే ప్రాణాలు పోతాయి. లాక్ నట్లు కొనేవాళ్లు కారు మోడల్, తయారైన సంవత్సరం చెప్పి, పాత నట్టు చేతిలో పట్టుకుని వెళ్లి ఆనుకునే భాగం పోల్చి చూసుకుని కొనాలి. ఆ తీరిక లేకపోతే మామూలు నట్లతోనే ఉండటం మేలు.

కీ విషయంలో కూడా జాగ్రత్త కావాలి. దాన్ని గాలితో నడిచే గన్నుకు తగిలించి కొడితే గాడి అరిగిపోతుంది, కొన్నిసార్లు విరిగిపోతుంది. చేతి పానాతోనే తిప్పమని పంక్చర్ షాపులో ముందే చెప్పాలి. సర్వీసుకిచ్చిన కారు తిరిగి తీసుకునేటప్పుడు కీ ఉందో లేదో అక్కడే చూసుకోవాలి, ఎక్కువగా పోయేది ఆ సందర్భంలోనే. కీ మీద ఉండే కోడ్ నంబరు ఇంట్లో రాసి పెట్టుకుంటే మళ్లీ తెప్పించుకోవచ్చు. విశాఖలాగా ఉప్పుగాలి తగిలే ఊళ్లలో నట్లు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. టైర్లు అటూ ఇటూ మార్పించుకున్న ప్రతిసారీ వాటిని తుడిపించుకోవాలి.

ఎలక్ట్రానిక్ కాపలాల్లో ఈ పనికి నిజంగా పుట్టింది వాలును పసిగట్టే సెన్సర్. నిలిపి తాళం వేసినప్పుడు కారు ఏ వాలులో ఉందో గుర్తుపెట్టుకుని, ఎవరైనా జాకీ పెట్టి ఒక పక్క లేపితే అలారం మోగిస్తుంది. ఐరోపా, అమెరికా మార్కెట్లలో ఖరీదైన కార్లకు ఇది చాలాకాలంగా ఉంది. మన దగ్గర మామూలు కార్లలో ఉండే అలారం తలుపో బానెట్టో తెరిస్తేనే మోగుతుంది, జాకీతో దానికి సంబంధం లేదు. మూడు నాలుగు చోట్ల ఎయిర్‌బ్యాగులు చేర్చినంత శ్రద్ధగా ఈ చిన్న సెన్సర్‌ను కూడా కంపెనీలు చేర్చి ఉంటే బాగుండేది. బయటి షాపులో అమర్చుకునేవాళ్లు కారు వైర్లు కోసి కలిపితే వారంటీకి చిక్కు వస్తుందని గుర్తుంచుకోవాలి.

టైరులో గాలి ఎంతుందో చెప్పే టీపీఎంఎస్ కాపలా కోసం పుట్టలేదు. ఫైర్‌స్టోన్ టైర్ల ప్రమాదాల తర్వాత 2000లో అమెరికా చేసిన ట్రెడ్ చట్టం దాన్ని తెచ్చింది. 2007 సెప్టెంబరు నుంచి అక్కడ తయారయ్యే కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. ఒక్కో చక్రంలోని సెన్సర్‌కు తనదైన నంబరు ఉంటుంది, కారు కంప్యూటరు ఆ నాలుగు నంబర్లనూ గుర్తుపెట్టుకుంటుంది. చక్రానికి గుర్తింపు లాంటిది యాదృచ్ఛికంగా వచ్చిందంటే ఇదొక్కటే. కాకపోతే టైరు విప్పితే సెన్సర్ చేతికొస్తుంది, పారేయడానికి నిమిషం చాలు.

పోలీసులు తప్పుడు పార్కింగుకు వేసే క్లాంపును ఇంట్లో కూడా కొని వాడేవాళ్లున్నారు. డెన్వర్ నగరంలో ఫ్రాంక్ మారగ్ అనే అచ్చుల పనివాడు తయారుచేసిన ఆ పరికరం 1955లో అక్కడి పోలీసుల చేతికి వచ్చింది. అది కారును కదలనివ్వదు. తగిలించిన చక్రాన్ని కాపాడుతుంది, మిగతా మూడింటి గురించి చేసేదేమీ లేదు.

ఇల్లు, వీధి, సెల్లార్ విషయానికొస్తే గోడకు బాగా దగ్గరగా నిలపడం, ముందు చక్రాలు పక్కకు తిప్పి ఉంచడం, వెలుతురు పడే చోటు చూసుకోవడం, వీటిలో ఏదీ డబ్బు ఖర్చయ్యే పని కాదు, అన్నీ ఎంతో కొంత పనికొస్తాయి. నిలువెల్లా కవరు కప్పడం మాత్రం నాకు నచ్చదు, దాని చాటున పనిచేసేవాడు ఎవరికీ కనపడడు. సీసీ కెమెరాలు మన దగ్గర బాగానే పెరిగాయి. వందమందికి పైగా చేరే సంస్థలు కెమెరాలు పెట్టి, దృశ్యాలు 30 రోజులు దాచాలని ఉమ్మడి రాష్ట్రంలోనే 2013లో ప్రజాభద్రత చట్టం వచ్చింది. కానీ అపార్ట్‌మెంటు కెమెరాలు ఎక్కువగా గేటునూ లిఫ్టునూ చూస్తాయి. కార్ల మధ్య నేలకు దగ్గరగా కూర్చుని పనిచేసేవాడు వాటికి దొరకడు. సెల్లార్‌లో ఒక కెమెరా అయినా వరుసల మధ్య నేల కనిపించేలా దించి పెట్టించాలి.

సెల్లార్‌లో చక్రం పోతే మొదటి అనుమానం వాచ్‌మన్ మీదికే పోతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెతను తెచ్చి అతనికి తగిలిస్తారు. సెల్లార్ మూల గదిలో భార్యాపిల్లలతో కాపురం ఉంటూ, పొద్దున నీళ్ల మోటారు దగ్గర మొదలుపెట్టి కార్లు కడగడం, చెత్త, కూరగాయలు, పిల్లల స్కూలు బస్సు దాకా అన్నీ చూసుకునే మనిషి రాత్రంతా మేలుకుని కాపలా కూడా కాయాలనడం అన్యాయం. ఆధారం లేకుండా అతన్ని స్టేషనుకు పంపే కమిటీలు ముందు కెమెరా దృశ్యాలు చూడాలి, తర్వాత తాము రాత్రి కాపలాకు వేరే మనిషిని ఎందుకు పెట్టలేదో ఆలోచించాలి. హోటళ్లు, మాల్స్ సంగతి వేరు. డ్రైవరుకు తాళంచెవి అప్పగించే వాలే పార్కింగులో "యజమాని బాధ్యత మీదే" అని చీటీ మీద అచ్చువేసి చేతులు దులుపుకోవడం కుదరదని, నిర్లక్ష్యం ఉంటే హోటలు బాధ్యత వహించాల్సిందేనని 2019 నవంబరులో తాజ్ మహల్ హోటల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు కారు మొత్తం పోయిన సందర్భంలో వచ్చింది. అప్పగించిన వస్తువు మీద ఉండే బాధ్యత అన్న సూత్రం మాత్రం దాని చక్రానికీ వర్తించాలి.

ఈ మొత్తం వ్యవహారంలో మనకు దారి చూపేవాళ్లు లారీల వాళ్లు. వాళ్లకు ఈ బెడద కార్లవాళ్ల కంటే ముందే వచ్చింది. హైవే పక్కన దాబా దగ్గర డ్రైవరూ క్లీనరూ కునుకు తీసేసరికి స్టెప్నీ, బ్యాటరీ, డీజిలు మాయమవుతాయి. అందుకే స్టెప్నీకి గొలుసు చుట్టి తాళం వేస్తారు. అంతకంటే ముఖ్యంగా, ఎక్కువ బండ్లున్న యజమానులు టైరు పక్క గోడ మీద కాల్చి నంబరు వేయిస్తారు. ఆర్టీసీలో ప్రతి టైరుకూ నంబరు ఉంటుంది, ఏ బస్సుకు ఎక్కింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్నిసార్లు రీట్రెడ్ అయింది అన్న లెక్క రాస్తారు. ఆ లెక్క మైలేజీ కోసం మొదలైంది. దానివల్ల టైరు ఎవరిదో ఎవరూ కాదనలేని స్థితి కూడా వచ్చింది.

కార్లకు ఆ ఏర్పాటు లేదు. టైరు మీద ఉండే అంకెలు దాని కొలత, ఫ్యాక్టరీ, తయారైన వారం చెబుతాయి. అదే వారం అదే ఫ్యాక్టరీలో వచ్చిన వేల టైర్ల మీద అవే అంకెలుంటాయి. అల్లాయ్ చక్రం వెనుక కొలతలు, పోత పోసిన తేదీ, కంపెనీ గుర్తు కనిపిస్తాయి, కారు ఛాసిస్ నంబరు ఎక్కడా ఉండదు. అమెరికా 1984లో వాహన దొంగతనాల చట్టం చేసి, ఎక్కువగా పోయే మోడళ్ల భాగాల మీద గుర్తింపు నంబరు వేయాలంది. ఇంజను, గేరుపెట్టె, తలుపులు, బానెట్టు, బంపర్లు, ఫెండర్లు ఆ జాబితాలో ఉన్నాయి. చక్రాలు లేవు. అక్కడి టెక్సాస్‌లో అపార్ట్‌మెంటు పార్కింగులో అకార్డో క్యామ్రీయో నిలుపుకునే మన తెలుగువాళ్లకు కూడా ఆ చట్టం చక్రాల విషయంలో ఉపయోగపడదు.

మన ప్రభుత్వం 2019 జులైలో ఒక ముసాయిదా ఇచ్చింది. కంటికి కనపడనంత సన్నని చుక్కల్లో గుర్తింపు నంబరు రాసి వాహనం మీదా, విడిభాగాల మీదా చల్లే మైక్రోడాట్ పద్ధతి అది. దాని కోసం ఏఐఎస్-155 అన్న ప్రమాణం కూడా ఉంది. దాన్ని చక్రాల దాకా తప్పనిసరి చేయడమే ఈ సమస్యకు సరైన మందు అని నా నమ్మకం. సెల్‌ఫోన్ల విషయంలో ఇది రుజువైంది. ప్రతి ఫోనుకూ ఐఎంఈఐ నంబరు ఉండబట్టే 2023 మే నెలలో ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీ వచ్చాక పోయిన ఫోన్లను ఆపేయడం, వెతికి తెచ్చివ్వడం కుదిరింది. మేరఠ్‌లో దొంగ వాహనాలు విడదీసే చోటుగా పేరుపడ్డ సోతీగంజ్ బజారును 2021 డిసెంబరులో పోలీసులు మూయించారు. అలా ఒక బజారు మూస్తే సరుకు ఇంకో చోటికి పోతుంది. నంబరున్న సరుకైతే ఎక్కడికి పోయినా పట్టిస్తుంది. దొంగసొత్తు అని తెలిసి కొన్నవాడికి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది, అదే అలవాటుగా వ్యాపారం చేసేవాడికి యావజ్జీవం దాకా. అయితే అది దొంగసొత్తని నిరూపించాలంటే ముందు ఆ చక్రం ఫలానా కారుదని చూపించగలగాలి.

ప్రభుత్వం చేసేదాకా ఆగక్కర్లేదు. అల్లాయ్ చక్రం లోపలి వైపు, హబ్బుకు ఆనుకోని చోట, రిజిస్ట్రేషన్ నంబరును చెక్కుడు పెన్నుతో పైపైన గీయించుకోవచ్చు. లోతుగా గీస్తే లోహం బలహీనపడుతుంది కాబట్టి పైపూత మీద ఉంటే చాలు. నాలుగు చక్రాల వెనుక వైపు ఫొటోలు, టైర్ల బిల్లు, లాక్ నట్టు కోడ్ ఒకే చోట దాచుకోవాలి. సెకండ్ హ్యాండ్ సెట్టు కొనేవాళ్లు అమ్మేవాడి ఆర్‌సీ కాపీ, సంతకం ఉన్న రసీదు అడగాలి. అవి ఇవ్వనంటే ఆ బేరం వదులుకోవాలి.

బీమా గురించి చాలామందికి రెండు తప్పుడు అభిప్రాయాలున్నాయి. చక్రాలు పోతే అసలేమీ రాదన్నది ఒకటి, మొత్తం వస్తుందన్నది రెండోది. కారు సమగ్ర పాలసీలో దొంగతనం నష్టం ఉంది, చక్రాలకూ వర్తిస్తుంది. కానీ టైర్లకు 50 శాతం తరుగు తీస్తారు. లోహ భాగాలకు కారు వయసును బట్టి తరుగు ఉంటుంది, రెండు మూడేళ్ల మధ్య అయితే 15 శాతం. 1500 సీసీ దాకా కార్లకు మొదటి వెయ్యి రూపాయలు మనమే భరించాలి. టైరు ఎనిమిది వేలు, అల్లాయ్ పదివేలు అనుకుని లెక్క వేద్దాం. మొత్తం 72,000 నష్టానికి టైర్ల కింద 16,000, అల్లాయ్‌ల కింద 34,000, వెయ్యి తీసేస్తే 49,000 వస్తుంది. క్లెయిమ్ చేసినందుకు నో క్లెయిమ్ బోనస్ సున్నాకు పడిపోతుంది. ఈసారి 35 శాతం రావలసిన వ్యక్తి మళ్లీ 20, 25, 35, 45 మెట్లెక్కి 50కి చేరేసరికి అయిదేళ్లలో కోల్పోయేది మొత్తం 105 శాతం. ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఏటా 12,000గా ఉందనుకుంటే 12,600 రూపాయలు. నాలుగు చక్రాలు పోతే క్లెయిమ్ చేయాలి. ఒక్క స్టెప్నీ పోతే చేయకపోవడమే లాభం. బయట వేయించుకున్న అల్లాయ్‌లను పాలసీలో అదనపు సామగ్రిగా రాయించకపోతే వాటికి పైసా రాదు. టైర్ల కోసం విడిగా అమ్మే కవర్లలో చాలావాటికి దొంగతనం వర్తించదు, పత్రం చదివి తీసుకోవాలి.

పొద్దున్నే కారు ఇటుకల మీద కనిపిస్తే దాన్ని తాకకుండా ముందు నాలుగు వైపులా ఫొటోలు తీయాలి. ఇటుకలు పక్కకు ఒరిగితే కారు మీద పడుతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. ఫిర్యాదును ఫోనులోనే పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లో స్టేషనుకు వెళ్లి సంతకం చేయాలి. చక్రాల కొలతలు, టైర్ల కంపెనీ, తయారైన వారం, గీయించుకున్న నంబరు ఫిర్యాదులో రాయించాలి. బీమా సర్వేయరు చూసేదాకా కొత్త చక్రాలు ఎక్కించకూడదు. మెకానిక్ వచ్చాక తలుపు కింది పట్టీ, బ్రేకు డిస్కులు, వాటి వెనుక రేకులు, బ్రేకు గొట్టాలు దెబ్బతిన్నాయేమో చూపించి అవి కూడా క్లెయిములో చేర్పించాలి. దొంగలు హడావిడిగా విప్పినప్పుడు స్టడ్ల మరలు చెడిపోతాయి, అలాంటి స్టడ్డు మార్చకుండా నట్టు ఎక్కించనివ్వకండి. కొత్త చక్రాలతో వంద కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ టార్క్ పానాతో, కంపెనీ పుస్తకంలో చెప్పిన బిగువుకు మళ్లీ ఒకసారి సరిచూపించుకోవాలి.